అహ్లోన్ రేవు లెక్కలు

కన్సల్టింగ్ కంపెనీల స్లైడుల్లో "జియోపొలిటికల్ రిస్క్" అని ఒక గడి ఉంటుంది. దానికి ఎరుపో పసుపో ఆకుపచ్చో రంగు వేస్తారు. పక్కన "మారుతున్న ప్రపంచ వ్యవస్థ" అని ఒక వాక్యం, కింద ప్రపంచ పటం, దాని మీద నాలుగు బాణాలు. అలాంటి స్లైడులు నేనూ చాలా చేశాను. నా బతుకుతెరువే అది. కానీ శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళకి ఈ సంగతి చెప్పడానికి ఇంత పెద్ద మాటలు అక్కర్లేదు. "రంగం పోయి సంపాదించాడు", "రంగంలో అంతా పోగొట్టుకుని వచ్చాడు." ఈ రెండు మాటలు చాలు. రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగాన్.

యాంగాన్ నడిబొడ్డుకి పడమటి వైపు, నది ఒడ్డున ఉన్న పేట అహ్లోన్. యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే ప్రదేశం కాదు. స్ట్రాండ్ రోడ్డు మీద బారులు తీరిన కంటెయినర్ లారీలు, రేవు క్రేన్లు, గోడౌన్లు, గ్యాసుతో నడిచే ఒక కరెంటు ప్లాంటు, మధ్యమధ్య టీ కొట్లు. సింగపూర్‌లోని ఒక గోడౌన్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పెట్టే పని మీద 2019లో నాలుగు నెలలు అక్కడ ఉన్నాను. వ్యాపారం, రాజకీయం ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నడిస్తే చివరికి ఏమవుతుందో చెప్పే వందేళ్ళ పాఠం ఆ రేవు ఒడ్డున ఉంది. అందులో మొదటి పేజీలు మనవాళ్ళవి.

బర్మావాళ్ళు తెలుగువాళ్ళని "కోరంగీ" అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరది. 1839 తుఫాను ఆ రేవుని తుడిచిపెట్టినా, పేరు మాత్రం సముద్రం దాటి ఒక జాతి పేరై కూర్చుంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఓడెక్కడం, రంగూన్‌లో బియ్యం మిల్లుల్లోనో రేవులోనో మూటలు మోసి ఆ అప్పు తీర్చడం, మిగిలింది ఇంటికి పంపడం. ఇదీ ఏర్పాటు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి మనవాళ్ళ దృష్టిలో అది పరదేశం కాదు, దూరపు జిల్లా. ఒకే సర్కారు, ఒకే రూపాయి. అలాంటి వ్యవస్థ మారుతుందని ఎవరనుకుంటారు?

1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఓడల్లో సరుకు ఎత్తి దించే కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలని తెచ్చి పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె పరిష్కారమైంది, పాతవాళ్ళని మళ్ళీ పిలిచారు. కొత్తగా వచ్చిన బర్మావాళ్ళకి "ఇంక మీతో పని లేదు" అన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందకు పైగా మనుషులు చచ్చిపోయారు. చనిపోయినవాళ్ళలో అత్యధికులు భారతీయులే. కంపెనీల వైపు నుంచి చూస్తే, ఓడలు ఆగకుండా సమస్యని నెగ్గుకొచ్చారు. వాళ్ళు తప్పించుకున్న నష్టాన్ని ఇద్దరు పేదవాళ్ళు ఒకరి నెత్తురుతో ఒకరు కట్టారు.

నా వృత్తి మొత్తంలో నాకు పనికొచ్చిన సూత్రం ఇదొక్కటే: రిస్కు మాయం కాదు, చేతులు మారుతుంది. "మేం రిస్కు తగ్గించుకున్నాం" అని ఎవరైనా అంటే, అది ఎవరి చేతికి పోయిందని అడగాలి.

అదే కాలంలో తమిళనాడు నుంచి వెళ్ళిన చెట్టియార్లది ఇంకో కథ. వాళ్ళు కూలీలు కారు, లెక్కల్లో ఆరితేరినవాళ్ళు. వరి రైతులకి భూమి తాకట్టు మీద అప్పులిచ్చారు. 1930 మాంద్యంలో ధాన్యం ధర కూలింది, రైతులు అప్పు కట్టలేకపోయారు, భూములు చెట్టియార్ల చేతికొచ్చాయి. 1930లో దిగువ బర్మా సాగుభూమిలో సుమారు 6 శాతం వాళ్ళది, 1938 నాటికి 25 శాతం. ఖాతా పుస్తకంలో అది ఆస్తి, బర్మా రైతు మనసులో అది కక్ష. స్వతంత్రం వచ్చిన 1948లోనే భూముల జాతీయీకరణ చట్టం వచ్చింది. ఒకడి ఊళ్ళో నాలుగో వంతు పొలం పరాయివాడి పేర పడితే, ఏ తాకట్టు దస్తావేజూ దాన్ని కాపాడదు. ఆర్థిక లెక్క సరిగ్గా ఉండి మనుషుల లెక్క తప్పితే ఇంతే.

1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కూలీలు వెళ్ళిపోతే రేవు ఆగిపోతుందని మొదట్లో వాళ్ళని వెనక్కి తిప్పాలని చూశారు. 1942 మార్చిలో ఊరు పడిపోయింది. నాలుగైదు లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన ఇండియా వైపు బయల్దేరారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. డబ్బున్నవాళ్ళు అంతకు ముందే ఓడల్లో, విమానాల్లో వెళ్ళిపోయారు. 1962లో జనరల్ నె విన్ అధికారం పట్టాడు. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు జాతీయం చేశాడు. అదే ఏడాది మే నెలలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నాడు. సుమారు 3 లక్షల మంది భారతీయులు నగలూ నగదూ వదిలేసి ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా పుట్టిందే.

వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. అహ్లోన్‌లో నేనున్న వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఎనభై దాటిన మనిషి, రేవులో లెక్కలు రాసే గుమాస్తాగా రిటైరయ్యారు. నేను తెలుగువాణ్ణని తెలిసి టీ కొట్లో పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన తెలుగు మా తాతల నాటిది, మధ్యలో బర్మా మాటలు దొర్లేవి.

"మీదే ఊరు బాబూ?"

చెప్పాను. "మీరెప్పుడైనా మనదేశం వెళ్ళారా తాతగారూ?" అని అడిగాను.

"ఏ దేశం బాబూ మనది? మా అయ్య కళింగపట్నంలో ఓడెక్కి వొచ్చినాడు. నలబైరెండులో నడిసెళ్దామంటే మా యమ్మ కడుపుతో ఉంది. అరవైనాలుగులో ఓడెక్కుదామంటే అక్కడ మాకు గుడిసైనా లేదు. అందుకే ఇక్కడోళ్ళం అయిపోనాం."

1982 పౌరసత్వ చట్టం ప్రకారం, 1823కి ముందునుంచీ ఆ నేల మీదున్న జాతులకే అక్కడ పూర్తి పౌరసత్వం. వాళ్ళకి గులాబీ కార్డు, తర్వాత వచ్చినవాళ్ళ సంతతిలో చాలామందికి నీలమో ఆకుపచ్చో. అందుకే ఆయన దగ్గర తెలుగు ఉంది, బర్మా ఉంది, రంగు తక్కువ కార్డొకటి ఉంది. కంపెనీలు, సర్కార్లు అన్నీ వచ్చి పోయాయి, ఈయన అక్కడే ఉన్నారు. "ఎగ్జిట్ స్ట్రాటెజీ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. ఎగ్జిట్ అనేది అందరికీ ఉండే వస్తువు కాదు.

నేను అక్కడున్న 2019లోనే అదే అహ్లోన్‌లో మన దేశపు కంపెనీ ఒకటి అడుగుపెట్టింది. అదానీ పోర్ట్స్. మన కృష్ణపట్నం, గంగవరం రేవులు తర్వాత కొన్నదీ ఆ కంపెనీయే. అహ్లోన్‌లో కొత్త కంటెయినర్ టెర్మినల్ కట్టడానికి 50 ఏళ్ళ ఒప్పందం, 29 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. పెరుగుతున్న దేశం, పక్కనే బంగాళాఖాతం, చైనా ఇప్పటికే పాగా వేస్తున్న చోటు. అయితే భూమి ఎవరిది? మయన్మార్ ఎకనమిక్ కార్పొరేషన్ అనే సంస్థది. ఆ సంస్థ సైన్యానిది. ఇది రహస్యం కాదు. సైన్యపు కంపెనీలతో వ్యాపారం వద్దని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2019 ఆగస్టులోనే నివేదిక ఇచ్చింది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. మార్చి 25న అమెరికా ఆ కార్పొరేషన్ మీద ఆంక్షలు పెట్టింది. అప్పటికి కంపెనీ 12.7 కోట్ల డాలర్లు పెట్టేసింది, అందులో 9 కోట్లు భూమి లీజుకి ముందుగా కట్టినవే. ఏప్రిల్‌లో ఎస్ అండ్ పీ డౌ జోన్స్ తన సస్టెయినబిలిటీ సూచీ నుంచి ఆ కంపెనీని తీసేసింది. అక్టోబర్‌లో బయటపడతామని కంపెనీ ప్రకటించింది. అమ్మకం పూర్తయ్యేసరికి 2023 మే నెల వచ్చింది, చేతికొచ్చింది 3 కోట్ల డాలర్లు.

దీన్ని ఆ ఒక్క కంపెనీ తప్పుగా చెప్పుకుంటే మనం నేర్చుకునేదేమీ ఉండదు. బలవంతుడి నీడలో వ్యాపారం చల్లగా ఉంటుందనేది మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో వ్యాపారులు నమ్మే మాట. అనుమతులు త్వరగా వస్తాయి, ఫైలు ఆగదు. కానీ ఆ నీడనిచ్చేవాడే తుఫాను తెచ్చేవాడైతే? కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని "సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్" అంటారు. ఇల్లంతా ఒకే నిట్రాట మీద నిలబెడితే, నిట్రాట ఎంత లావుగా ఉందన్నది కాదు ప్రశ్న, అది ఎవరి పెరట్లో పాతి ఉందన్నది.

నష్టపోయి బయటికొచ్చిన కంపెనీ కథ ఇది. సరిగ్గా నడుచుకుందామనుకున్న కంపెనీ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. నార్వేకి చెందిన టెలినార్ 2014లో మయన్మార్‌లో ఫోన్ సేవలు మొదలుపెట్టింది. అంతకు ముందు వందల డాలర్లు పలికిన సిమ్ కార్డు 1,500 చాట్‌లకి, అంటే డాలరున్నరకి వచ్చింది. నేనున్నప్పుడు అహ్లోన్ టీ కొట్లో కప్పులు కడిగే కుర్రాడి చేతిలో కూడా స్మార్ట్‌ఫోను ఉండేది. సైన్యం వచ్చాక రాత్రిళ్ళు ఇంటర్నెట్ ఆపమన్నారు, తర్వాత మొబైల్ ఇంటర్నెట్ పూర్తిగా ఆపమన్నారు. జనం మాటలు వినే యంత్రాలు ఆన్ చెయ్యమని ఒత్తిడి చేశారు. చేస్తే ఐరోపా ఆంక్షలు, చెయ్యకపోతే అక్కడి ఉద్యోగుల ప్రాణాలకి ముప్పు. టెలినార్ 10.5 కోట్ల డాలర్లకి అమ్మేసి 2022 మార్చిలో వెళ్ళిపోయింది.

వెళ్ళింది నార్వే కంపెనీ. సుమారు 1.8 కోట్ల మంది వినియోగదారుల వివరాలు మాత్రం కంపెనీతో పాటే కొత్త యజమానుల చేతికెళ్ళాయి. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారు, ఎక్కడినుంచి చేశారు, అన్నీ. దీని మీద 474 మయన్మార్ పౌర సంఘాల తరఫున నార్వేలో ఫిర్యాదు కూడా నడిచింది. కాగితం మీద అది బాధ్యత గల నిష్క్రమణ. చేతులు మారిన రిస్కు ఈసారి కూలీ మూటల్లో లేదు, డేటాబేసులో ఉంది.

ఆ రోజుల్లోనే మా క్లయింటు గోడౌన్ కూడా మూసెయ్యాలని నిర్ణయమైంది. సిస్టమ్స్ మూసే పని నాకిచ్చారు. వాళ్ళు పంపిన పట్టికలో ఫోర్క్‌లిఫ్టులు, అద్దె డిపాజిట్టు, రావలసిన బాకీలు, సర్వర్లు అన్నీ వరసగా ఉన్నాయి. అక్కడి ఉద్యోగులు ముప్ఫైమందికి పైగా ఉన్నారు. వాళ్ళకి "చివరి జీతం చెల్లింపు" అని ఒకే వరస. వీడియో కాల్‌లో అక్కడి అకౌంటెంటు అమ్మాయి, అందరూ తప్పుకున్నాక, గొంతు తగ్గించి అడిగింది.

"సయా, ఆ సిస్టమ్‌లో మా ఇంటి అడ్రసులు ఉన్నాయి కదా? మా వాళ్ళ ఫోన్ నంబర్లు కూడా?"

సయా అంటే అక్కడ గురువుగారూ, సార్ అన్నట్టు. ఆ అమ్మాయి జీతం గురించి అడగలేదు, సర్టిఫికెట్టు గురించి అడగలేదు. ఇంట్లో రాత్రి ఉన్న చుట్టం పేరు కూడా అధికారులకి చెప్పాలన్న నిబంధన 2021 ఫిబ్రవరిలో మళ్ళీ అమల్లోకొచ్చింది. ఊరేగింపులకి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు వెతుకుతున్నారు. మా హెచ్ఆర్ పట్టికలో ప్రతి ఉద్యోగి ఇల్లు, అత్యవసర సమయంలో పిలవాల్సిన మనిషి పేరు, ఆ మనిషి నంబరు. మేం సౌకర్యం కోసం కూడబెట్టిన వివరాలు అవి. ఇప్పుడు అదొక తయారైన జాబితా.

క్లయింటుతో మాట్లాడి, జీతాలు చేరాయని రూఢి అయిన రోజు రాత్రి ఆ వివరాలన్నీ తుడిపించాను. బ్యాకప్‌లతో సహా. అమ్మేసే సర్వర్ల డిస్కులు అక్కడే ధ్వంసం చేయించాను. చెయ్యడానికి పట్టింది మూడు గంటలు. అందులో గొప్పేమీ లేదు. ఆ పిల్ల అడక్కపోతే ఆ పని ఏ పట్టికలోనూ లేదన్నదే ఇక్కడ సంగతి. అప్పటినుంచీ నేను తయారుచేసే ప్రతి ప్రణాళికలో ఒక వరస అదనంగా ఉంటోంది: మనం వెళ్ళిపోయాక ఇక్కడ మిగిలేవాళ్ళ దగ్గర మనం ఏం వదిలిపెడుతున్నాం?

అలాగని వ్యాపారం చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చోవాలా? అక్కర్లేదు. ఒకప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ సంగతి చూడండి. 2010లో మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయం తీసుకుంది. 51 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. అక్కడ ప్రభుత్వం మారింది, 2012 నవంబర్‌లో ఒప్పందం చెల్లదన్నారు, వారం రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. ఆపమంటే సింగపూర్ కోర్టు కూడా ఆపలేదు, సర్కారుకి తీసుకునే అధికారం ఉందంది. కానీ ఒప్పందంలో మధ్యవర్తిత్వం సింగపూర్‌లో జరగాలని రాసుకున్నారు. ఒప్పందం చెల్లుతుందని 2014లో తీర్పొచ్చింది, 2016లో 27 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. రాజు తలచుకుంటే తీసుకోవచ్చు, కానీ వెల కట్టాలి. ఆ వెల ఎవరు కడతారో, ఏ ఊళ్ళో తేలుస్తారో ముందే రాసుకోవడం కంటే గొప్ప జియోపొలిటికల్ వ్యూహం నేనెక్కడా చూడలేదు.

ఇంకా చిన్నవాళ్ళు ఇంకా తెలివిగా ఉంటారు. మన ఇడ్లీ కోసం దిగుమతయ్యే మినప్పప్పు చాలావరకు బర్మా నుంచి వస్తుందని ఎంతమందికి తెలుసు? 2017 ఆగస్టులో మన ప్రభుత్వం పప్పుల దిగుమతికి పరిమితి పెట్టింది. అక్కడ ధరలు కూలిపోయి బర్మా రైతులు గగ్గోలు పెట్టారు. ఈ లెక్కలో మనం ఎప్పుడూ బాధితులమే అనుకోకూడదు, అవతలివాడికి మన ఢిల్లీయే రిస్కు. తర్వాత 2021లో రెండు దేశాలూ ఐదేళ్ళపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొనేలా రాసుకున్నాయి. డాలర్లకి కటకట వచ్చాక, 2024 జనవరి నుంచి రూపాయి, చాట్‌లలో నేరుగా చెల్లించుకునే దారి తెరిచారు. అంతా ఒకేసారి పెట్టకుండా సరుకు సరుకుకీ లెక్క తేల్చుకోవడం, డబ్బు నడిచే దారి ఒకటి మూసుకుంటే రెండోది సిద్ధంగా ఉంచుకోవడం. పప్పుల షావుకారుకి ఇవి ఏ బిజినెస్ స్కూలూ చెప్పలేదు.

మారుతున్న ప్రపంచ వ్యవస్థ ఇప్పుడు రంగం ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు, అదే మన గుమ్మంలోకి వస్తోంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. మన రొయ్యలకి అతిపెద్ద మార్కెట్టు అమెరికాయే, దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించేది ఆంధ్రాయే. ఆ సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము అన్నారు. అంకెలు ఏడాదికోసారి, ఒక్కోసారి నెలకోసారి మారతాయి. వాటిని ముందే ఊహించగలమనే సలహాదారుని నమ్మకండి, నాతో సహా.

ఊహించలేకపోయినా అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈ భూమి, ఈ లైసెన్సు, ఈ సర్వరు తాళం ఎవరి చేతిలో ఉంది? ఆ చెయ్యి మారితే ఏమవుతుంది? తగాదా వస్తే ఏ ఊళ్ళో తేలుతుంది? ముందుగా ఎంత కట్టాం, పోతే తట్టుకోగలిగినంతేనా? ఇవి బోర్డు గదుల్లో అడుగుతూనే ఉంటారు. అడగనిది చివరి ప్రశ్న: దెబ్బ పడ్డప్పుడు మనం పక్కకి తప్పుకుంటే, మన వెనక ఎవరున్నారు?

సుంకం వార్త రాగానే ఎగుమతిదారులు రొయ్య కొనుగోలు ధర తగ్గించారు. వాషింగ్టన్‌లో పుట్టిన రిస్కు రోజుల్లోనే భీమవరం చెరువు గట్టు మీదికి వచ్చేసింది. అక్కడినుంచి షెడ్డులో రొయ్య తల తీసే ఆడమనిషి రోజు కూలి మీదికి ఎంత వచ్చిందో ఎవరూ లెక్క వెయ్యలేదు. ఆవిడకి వ్యూహం లేదు, మధ్యవర్తిత్వం లేదు, ఇంకో దేశం లేదు. ఏ సంస్థ రిస్కుని బాగా దాటిందో తెలుసుకోవాలంటే నేనిప్పుడు దాని బ్యాలెన్స్ షీటు చూడను. ఆ కంపెనీ గేటు బయట, అలాంటి మనిషి పరిస్థితి ఏమిటని అడుగుతాను.